మోచేతి లెక్క

మొన్న గురువారం పొద్దున బందరు కోనేరు సెంటర్లో రొయ్యలు బేరమాడుతున్నాను. పాలకాయతిప్ప వైపు నుంచి సరుకు తెచ్చుకునే ఆవిడ, ఏళ్ళ తరబడి తెలిసిన మనిషి, తక్కెడ ఎత్తి పట్టుకునే "మీ బాబాయిగారు పోయారు గదండీ, ఇవాళ్టికి ఆరో రోజు" అంది. ఆ తర్వాత రొయ్యలు తీసుకున్నానో లేదో నాకు గుర్తు లేదు. ఇంటికొచ్చి చూసుకుంటే సంచీలో లేవు.

శుక్రవారం బస్సెక్కి ఆయన పల్లెకి వెళ్ళి వచ్చాను. వెళ్ళేటప్పుడు అవనిగడ్డ దాకా కిటికీ పక్కన కూర్చుని, ఆయన గురించి నాలుగు మాటలు రాసుకోవాలి, నవ్వొచ్చేవే రాసుకోవాలి అనుకున్నాను. వచ్చేటప్పుడు ఏమీ అనుకోలేదు. కండక్టరు టిక్కెట్టు అడిగితే చేతిలో చిల్లర పట్టుకుని అతని మొహం చూస్తూ ఉండిపోయాను. ఇవాళ్టికి నాలుగు రోజులైంది. ఆ దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు. తేరుకుని రాద్దామంటే ఎప్పటికీ రాయలేనని ఇలాగే మొదలుపెట్టాను.

ఆయన నాకు చుట్టం కాదు. మాది గుడివాడ దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. నేను బందరు కాలేజీలో ఫిజిక్సు చెప్పినదాన్ని, ఈ మధ్యే రిటైరయ్యాను. ఆయన దివిసీమలో సముద్రపు ఒడ్డు పల్లెలో పడవ సరంగు, అంటే వేటకి వెళ్ళే పడవని నడిపించే పెద్ద. పేరేమిటని మొదటిసారి అడిగితే "పేరుదేముందండీ, పల్లెలో దిగి మోచెయ్యి సరంగు అనండి, ఎవరైనా చూపిస్తారు" అన్నారు. ఒక మనిషిని పట్టుకుని మోచెయ్యి అని ఎలా పిలుస్తాం? బాబాయ్ అన్నాను. అదే ఉండిపోయింది.

ఆ పేరు ఎందుకొచ్చిందో చూసిన రోజే తెలిసింది. తొంభైల మొదట్లో కార్తీకమాసం వనభోజనాలకి మా బీఎస్సీ పిల్లల్ని హంసలదీవి తీసుకెళ్ళాను. భోజనాలయ్యాక వాళ్ళని ఒడ్డున నిలబెట్టి పాఠం మొదలెట్టాను. నాకా రోగం ఉంది, నలుగురు కుదురుగా కనిపిస్తే చాలు. ఎండకి సముద్రం పైపొర వేడెక్కుతుంది, ఆ నీళ్ళు ఆవిరై లేస్తాయి, ఆ ఆవిరే తుఫానుకి తిండి, లోతుకి వెళ్ళేకొద్దీ నీళ్ళు చల్లగా ఉంటాయి అని చెప్తున్నాను. పక్కన పడవ నీడలో వల బాగుచేసుకుంటున్న మనిషి కిసుక్కున నవ్వారు.

నాకు ఒళ్ళు మండింది. "ఏమండీ, నవ్వెందుకొచ్చింది?" అన్నాను.

"అది కాదండీ. కింద చల్లగా ఉంటాయన్నారు గదా. ఎక్కడ చూశారండీ?"

"పుస్తకంలో ఉంది."

"ఓహో. సముద్రంలో చూడలేదన్న మాట."

పిల్లలు నవ్వారు. వాళ్ళ మార్కులు నా చేతిలో ఉన్నాయన్న భయం కూడా లేకుండా నవ్వారు. ఆయన మాత్రం మామూలుగానే లేచి, మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, వంగి కుడి మోచెయ్యి ముంచి కళ్ళు మూసుకున్నారు. పసిపిల్లకి నీళ్ళు పోసే ముందు తల్లి చూసుకునే పద్ధతే. కాసేపాగి "నిన్నటి మీద కాస్త తగ్గింది" అన్నారు. అరచెయ్యి తాళ్ళు లాగి లాగి మొద్దుబారిపోయిందిట, దానికేమీ తెలియదుట, మోచేతికైతే తెలుస్తుందిట. వాళ్ళ నాన్న కూడా అలాగే చూసేవాడుట. డెబ్భై ఏడు ఉప్పెనకి ముందు వారం రోజులు సముద్రం గంజి వార్చినట్టు ఉందని వాళ్ళ నాన్న చెప్తే ఎవరూ వినలేదుట. ఉప్పెన గురించి ఆయన నాతో అన్న మాట అదొక్కటే. ఇంకేం అడిగినా లేచి వెళ్ళిపోయేవారు.

ఆ రోజు పంతానికి నా సంచీలో ఉన్న లాబు థర్మామీటరు ఆయన చేతిలో పెట్టాను. వారం తిరిగేలోపు రెండు ముక్కలు కాగితంలో చుట్టి కాలేజీకి తెచ్చిచ్చారు. "ఇది సముద్రానికి పనికొచ్చే సరుకు కాదండీ. ఉన్న మూడు రోజులూ మాత్రం ఇదీ నా మోచెయ్యీ ఒకే మాట చెప్పాయి" అన్నారు.

అప్పుడు పుట్టింది ఫ్లాస్కుల ఏర్పాటు. నాకు ఒక పేపరు రాసి ఎక్కడైనా సెమినారులో చదవాలని ఉండేది. బందరులో కూర్చుని సముద్రం నీళ్ళ మీద ఏం రాస్తాం? ఆయన ప్రతి గురువారం చేపల వ్యానులో బందరు వచ్చేవారు. రెండు ఫ్లాస్కులు కొనిచ్చాను, ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. ఎర్రదాంట్లో సముద్రం పైనీళ్ళు, నీలందాంట్లో పన్నెండు బారల లోతు నీళ్ళు. లోతు నీళ్ళకి ఆయనే ఒక ఉపాయం కనిపెట్టారు. సీసాకి రాయి కట్టి, బిరడాకి వేరే తాడు కట్టి కిందికి దించి, లోతుకి చేరాక బిరడా తాడు గుంజేవారు. నీళ్ళు నిండాక పైకి లాగి ఫ్లాస్కులోకి వంచేవారు. పదకొండు గంటలకల్లా మా గుమ్మంలో ఉండేవారు. ఫ్లాస్కులో గంటకి ఎంత తేడా వస్తుందో నేను లెక్కకట్టి పెట్టుకున్నాను. కొలిచి నోటుబుక్కులో రాసుకునేదాన్ని. మూడేళ్ళు అలా సాగింది. ఒక్క గురువారం కూడా తప్పలేదని అనను, మోపిదేవి తిరునాళ్ళప్పుడు తప్పించేవారు.

కుర్చీ వేస్తే కూర్చునేవారు కాదు. గుమ్మం పక్కన గోడకి ఆనుకుని గొంతుక్కూర్చునేవారు. కాఫీ ఇస్తే గ్లాసు ముందు మోచేతికి ఆనించుకుని, వేడి చాలకపోతే "మళ్ళీ ఒక పొంగు రానివ్వండి" అని వెనక్కిచ్చేవారు. ఎంత కోపమొచ్చేదో. ఒకసారి మా పెరట్లో కుళాయి కింద మోచెయ్యి పెట్టి, "మేడంగారండీ, మీ ట్యాంకు నీళ్ళు మా సముద్రాన్ని మించిపోయాయి, మేడ మీద వాయుగుండం లేస్తుంది చూసుకోండి" అన్నారు. నవ్వకుండా అన్నారు. ఆయన నవ్వు మొదటి రోజు విన్నదొక్కటే.

ఏ మాట మొదలుపెట్టినా "అది కాదండీ" అనేవారు. మనం ఏమీ అనకపోయినా సరే. నాకు ఆ మాట వింటేనే చిరాకు. "ఏది కాదు బాబాయ్? నేనింకా నోరు విప్పలేదు" అనేదాన్ని. ఆయన ఆగిపోయేవారు. ఒకసారి ఆపితే ఇక ఆ మాట పూర్తిచేయని మనిషి. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, దీనితోనే నాకు పనుంది.

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, ఆ గుమ్మంలో పాఠం చెప్పింది ఆయన, చెప్పాననుకున్నది నేను. సముద్రం ఎందుకు కాగుతుందని అడిగితే నేను ఎండ అని ఊరుకునేదాన్ని. ఆయన ఎండ సగమే అనేవారు. గాలి ఆడితే అల లేస్తుంది, అల లేస్తే కింది నీళ్ళు పైకొచ్చి కలుస్తాయి, పైగా గాలికి నీళ్ళు ఆరి కూడా చల్లబడతాయి. గాలి చచ్చిపోయి, మబ్బు లేకుండా పది పదిహేను రోజులు ఎండ కాస్తే ఆ వేడి ఎక్కడికీ పోదు, పైనే పేరుకుంటుంది అనేవారు. నేను పుస్తకంలో చదివిందీ అదే. కానీ వానాకాలం వెళ్ళాక ఇంకో సంగతి ఉందనేవారు.

"ఏటి నీళ్ళు తేలికండీ. కృష్ణలోదీ గోదావరిలోదీ వరదంతా వచ్చి ఉప్పునీళ్ళ మీద తేలుతుంది. మూత పెట్టినట్టు ఉంటుంది. ఇక కిందవీ పైనవీ కలవవు. కార్తీకం వచ్చేసరికి పైన మూత రాత్రి మంచుకి కాస్త చల్లబడుతుంది. కింద మాత్రం వెచ్చదనం అలాగే దాక్కుని ఉంటుంది."

"కింద వెచ్చగా, పైన చల్లగానా? జరగదు బాబాయ్. వేడి నీళ్ళు తేలికవి, పైకొస్తాయి."

"అది కాదండీ, ఉప్పు బరువుంటుంది గదా..."

"ఉప్పు సంగతి నాకు చెప్తారా?" అన్నాను. ఆగిపోయారు.

ఇంకోసారి, తన చిన్నప్పటి సముద్రం ఇంత వేడి ఉండేది కాదన్నారు. దానికి మాత్రం నేను ఉత్సాహంగా చెప్పాను. బొగ్గూ పెట్రోలూ కాల్చిన పొగ భూమి చుట్టూ దుప్పటిలా పేరుకుని వేడిని బయటికి పోనివ్వదనీ, ఆ వేడిలో ఎక్కువ భాగం సముద్రమే మింగుతుందనీ. శ్రద్ధగా విన్నారు. విని, "మా పల్లెలో ఎవరం అంత పొగ పెట్టలేదు గదండీ" అన్నారు.

ఇక ఆ రోజు. దీపావళి వెళ్ళిన వారం. సముద్రంలో వాయుగుండం ఉందని రేడియోలో చెప్తున్నారు. ఇంకా దూరంగానే ఉంది, బలపడలేదు, అయినా వేటకి వెళ్ళొద్దు అంటున్నారు. ఆ గురువారం ఆయన ఒంటరిగా రాలేదు. భార్య కళ్ళు చూపించడానికి ఆవిణ్ణీ వెంట తెచ్చారు. ఆవిణ్ణి నేను చూడటం అదే మొదలు. ఆయన గోడ దగ్గర కూర్చోలేదు, నిలబడే ఉన్నారు.

నీలం ఫ్లాస్కులో థర్మామీటరు పెట్టాను. పైనీళ్ళకంటే లోతు నీళ్ళు ఒక డిగ్రీకి పైగా ఎక్కువ చూపించింది. మళ్ళీ పెట్టాను. అంతే.

"నా మోచేతికీ అలాగే తెలిసిందండీ," అన్నారు. "మూడు వారాలుగా గాలి లేదు. మూత కింద వేడి అలాగే ఉంది. ఈ వాయుగుండం దాని మీదికి వస్తే ఊరుకోదు. మామూలప్పుడైతే అది సముద్రాన్ని తవ్వుకుంటూ వస్తుంది, కింది చల్లనీళ్ళు పైకొచ్చి దాని పొయ్యి ఆరిపోతుంది. ఇప్పుడు తవ్వితే వచ్చేవి కూడా వేడి నీళ్ళే. మా తమ్ముడి కొత్త వలలు సముద్రంలో ఉండిపోయాయి. వెళ్ళి తెచ్చుకుంటానంటే నిన్న ఆపాను. మీ మిషను ఏమంటుందో చూసి వస్తానని వచ్చాను. ఏం చెప్పమంటారు?"

నేను జవాబు చెప్పేలోపు ఆయన భార్య ఎంతో సంబరంగా అంది. "ఫ్లాస్కులు శుభ్రంగా ఉన్నాయా అమ్మగారూ? టీచరమ్మగారి ఇంటికి వెళ్ళే సామాను, నీచు వాసన రాకూడదని ప్రతివారం నేనే మరిగే నీళ్ళు పోసి తొలుస్తానండీ."

నా మెదడులో ఏదో తెగిపోయింది. మరిగే నీళ్ళు. ప్రతివారం. మూడేళ్ళుగా నేను కొలుస్తున్నది సముద్రం వేడి కాదు, ఈవిడ పొయ్యి వేడి అనుకున్నాను. ఆ పేపరు అప్పటికి సగం రాసి ఉంది. నోటుబుక్కు తెచ్చి, వాళ్ళ ఎదుటే, ఎర్రసిరాతో పేజీ తర్వాత పేజీ అడ్డంగా కొట్టేశాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"అది కాదండీ, నేను..." అన్నారాయన.

"మీరేం చెప్పకండి బాబాయ్. ఇక చాలు. ఇదంతా తప్పుడు లెక్క. కింద నీళ్ళు వెచ్చగా లేవు, ఏమీ లేవు. వేడి నీళ్ళతో కడిగిన ఫ్లాస్కు పట్టుకొచ్చి తుఫాను జాతకం చెప్తారా?"

"మోచేతికి కూడా..."

"మోచెయ్యి సైన్సు కాదు."

"అయితే వలలకి వెళ్ళొచ్చంటారా?" అని అడిగారు. నేను అన్న మాట అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "ఈ లెక్క చూసి మాత్రం ఎవర్నీ ఆపకండి" అన్నాను. రేడియో వద్దంటోందని నాకు తెలుసు. ఆ మాట కూడా అనొచ్చు. కోపంలో ఉన్నాను, అనలేదు.

శుక్రవారం సాయంత్రానికి అది తుఫాను అయిపోయింది. ఎవరూ అనుకోనంత త్వరగా ముదిరింది. బందరులో మా పెరటి గోడ పడిపోయింది, నాలుగు రోజులు కరెంటు లేదు. ఆయన తమ్ముడి పడవ తిరిగి రాలేదు. తమ్ముడూ రాలేదు.

రెండు నెలల తర్వాత ఒక గురువారం గుమ్మంలో ఆయన. చేతిలో ఎర్ర ఫ్లాస్కూ నీలం ఫ్లాస్కూ. ఎలాగో కూడదీసుకుని "తమ్ముడు ఎందుకు వెళ్ళాడు బాబాయ్?" అన్నాను. ఆయన గోడకి ఆనుకుని కూర్చుంటూ "వాడు నా మాట వినలేదండీ" అన్నారు. నా గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. అలా దిగినందుకు అప్పుడే సిగ్గుపడాల్సింది. పడలేదు. కాఫీ పెట్టి ఇచ్చాను. గ్లాసు మోచేతికి ఆనించుకోకుండా తాగేశారు. ఆ అలవాటు మానేశారని నేను గమనించాను, దుఃఖం అనుకున్నాను.

అప్పటి నుంచి పడవ నడపలేదు. ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసేవారు. వేరేవాళ్ళ పడవలో నీళ్ళు తెప్పించి ఫ్లాస్కులు మాత్రం అప్పుడప్పుడూ తెచ్చేవారు. నేను కొలిచేదాన్ని, రాసుకునేదాన్ని కాదు. పల్లెలో ఎలా ఉందని అడిగితే ఒకసారి "మా మరదలు నాతో మాట్లాడదండీ" అన్నారు. తమ్ముడి భార్యన్న మాట. ఎందుకని అడిగాను. "కోపం. ఆడవాళ్ళ కోపం మీకు తెలియందేముంది" అని నా వంక చూశారు. నేను నవ్వాను. వేళాకోళం అనుకుని పకపకా నవ్వాను.

తర్వాత కొన్నేళ్ళకి లైబ్రరీలో ఏదో పత్రిక తిరగేస్తుంటే, మన బంగాళాఖాతం గురించే ఒక వ్యాసం కనిపించింది. వానాకాలం తర్వాత నదుల నీళ్ళు పైన పొరగా పరుచుకుంటాయి, ఆ పొర కింద వెచ్చదనం చిక్కుకుపోతుంది, ఒక్కోసారి పైకంటే కిందే వెచ్చగా ఉంటుంది, తుఫాన్లు ముదరడానికి అదొక కారణం అని. బాబాయ్ గొంతే వినిపించింది. వెంటనే నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సిద్ధాంతం ఆయనది నిజమే కావచ్చు, ఆ రోజు కొలత మాత్రం తప్పే గదా, మరిగే నీళ్ళ ఫ్లాస్కు గదా, నేను చేసింది సరైనదే అని. ఆ మరిగే నీళ్ళని పట్టుకునే ఇన్నేళ్ళూ హాయిగా నిద్రపోయాను.

శుక్రవారం వెళ్ళేసరికి వాళ్ళ ఇంటి ముందు చిన్న షామియానా వేసి ఉంది. లోపల దీపం వెలుగుతోంది. ఆయన భార్య నన్ను చూడగానే లేచి చేతులు పట్టుకుంది. అదే వాకిట్లో అటువైపు గడప మీద ఇంకొకావిడ ఎండుచేపలు ఏరుకుంటోంది. మరదలు ఆవిడేనని చెప్పకుండానే తెలిసింది. కాసేపు ఏడ్చాక భార్య లోపలికి వెళ్ళి మేకుకి వేలాడుతున్న ఫ్లాస్కులు రెండూ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"మీవే అమ్మగారూ. తీసుకెళ్ళండి. ఇంట్లో ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు."

నేను ఆవిణ్ణి కాస్త తేలికపరుద్దామనుకుని, "ఆ మరిగే నీళ్ళు మాత్రం నేను మర్చిపోనమ్మా" అన్నాను.

"ఆ రోజు నేను నోరు జారాను అమ్మగారూ," అంది. "నేను తొలిచేది ముందురోజు సాయంత్రం గదా. తెల్లారి పడవలో ఆయన రెండిటికీ తాడు కట్టి, మూత తీసి, వల లాగే దాకా సముద్రంలోనే నానేసేవారు. సముద్రం వేడికి అలవాటు పడాలట. పట్టే ముందు ఆ నీళ్ళతోనే మూడుసార్లు తొలిచి పారబోసేవారు. నా మరిగే నీళ్ళు అప్పటిదాకా ఎక్కడుంటాయి?"

అంతలో ఇంకోటి తట్టింది. ముప్పై ఏళ్ళు ఫిజిక్సు చెప్పినదాన్ని. రెండు ఫ్లాస్కులూ ఒకే నీళ్ళతో తొలిస్తే రెండూ ఒకేలా వేడెక్కాలి. నీలందే ఎందుకు ఎక్కువ చూపిస్తుంది? మా ఇంటర్ పిల్లల్ని అడిగినా చెప్తారు. నేను ఎర్రసిరాతో కొట్టేశాను.

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదమ్మా ఆయన?"

"చెప్పబోయారు గదండీ. మీరు వద్దన్నారు."

"తమ్ముడు మాట వినలేదన్నారే నాతో."

అటువైపు గడప మీద చేపలు ఏరే చెయ్యి ఆగింది. "ఎవరు వినలేదు?" అంది మరదలు. నాతో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది. "మా ఆయన విన్నాడండీ. బుధవారం బావగారు వద్దంటే వల ఊసే వదిలేశాడు. పోతే పోయాయి, అన్న చెయ్యి అబద్ధం చెప్పదు అన్నాడు. గురువారం సాయంత్రం బావగారే బందరు నుంచి వచ్చి, నా చెయ్యి తప్పిందిరా, నీళ్ళు అంత వేడి లేవు, తెల్లారి వెళ్ళి తెచ్చుకో అన్నారు. ఇదే వాకిట్లో. నేను ఇక్కడే ఉన్నాను. తర్వాత పల్లెంతా కూడి అడిగితే కూడా, నా చెయ్యే తప్పింది అన్నారు. ఆ రోజు నుంచి ఆయన్ని సముద్రం గురించి ఎవరూ ఒక్క మాట అడగలేదు."

నేను ఆయన భార్య వైపు తిరిగాను. ఆవిడకి తెలుసు. ఆవిడ ఆ రోజు మా గుమ్మంలో నిలబడి అంతా విన్న మనిషి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మీ పేరెత్తొద్దని ఒట్టు వేయించుకున్నారు అమ్మగారూ. పల్లెంతా వెళ్ళి మీ గుమ్మంలో కూర్చుంటారని. చదువుకున్నావిడ, తెలియక అంది అన్నారు" అంది.

తెలియక అన్నానట. నాకు తెలియదని మొదటి రోజు ఒడ్డు మీదే ఆయనకి తెలుసు, అందుకే నవ్వారు. తెలిసీ నా మాట తీసుకెళ్ళి తమ్ముడికి చెప్పారు. తన మోచేతిని కాదని, నా ఎర్రసిరాని నమ్మారు. ఈ సంగతి ఇప్పటికీ నాకు మింగుడు పడటం లేదు. అంతమంది పిల్లలకి పాఠం చెప్పాను, నా మాట అంతగా నమ్మినవాళ్ళు ఇంకెవరూ లేరు.

అక్కడి నుంచి లేచి వచ్చేయొచ్చు. ఆయన కప్పిపెట్టిన సంగతి ఆయనతోనే పోతుంది. భార్య అదే ఆశపడిందనుకుంటాను, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కానీ షామియానా కింద ఐదారుగురు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు, అందరూ ఆయనతో వేటకి వెళ్ళినవాళ్ళే. వాళ్ళకి వినపడేలాగే చెప్పాను. గొంతు క్లాసులో లాగే వచ్చింది.

"ఆయన చెయ్యి తప్పలేదండీ. ఆ రోజు నీళ్ళు ఆయన చెప్పినట్టే ఉన్నాయి. నా థర్మామీటరు కూడా అదే చూపించింది. కాదని చెప్పింది నేను. ఆపొద్దన్నది కూడా నేనే."

ఒక ముసలాయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మరదలు నన్ను తిడుతుందని కాచుకుని నిలబడ్డాను. తిడితే బాగుండుననిపించింది. ఆవిడ ఒళ్ళో చేపలు బుట్టలోకి దులుపుకుని, లేచి నా దగ్గరికి రాబోయి, సగంలోనే ఆగిపోయింది.

"పదేళ్ళండీ, ఒకే వాకిలి," అంది. "పోయే ముందురోజు బావగారు మంచినీళ్ళు అడిగారు. అక్క ఇంట్లో లేదు. వినపడనట్టు లోపలికి వెళ్ళిపోయాను. ఈ మాటేదో ఎనిమిది రోజుల ముందు వచ్చి చెప్పకపోయారా?"